తలుపుల మీది తెల్లచుక్కలు

కారు సందు మలుపు తిరిగిన చప్పుడు వినబడ్డాక కూడా నేను కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చోలేదు. బావ అందులోంచి ఇప్పుడే లేచాడు. అదింకా వెచ్చగా ఉంటుంది. బస్సులో ఎవరో లేచిన సీటు వెచ్చగా ఉంటే నాకేమీ అనిపించదు, ఎవరో మనిషి, దిగి తన దారిన పోయాడు, అంతే. ఈ వెచ్చదనం మాత్రం ఒంటికి అంటుకుంటుంది. అది చల్లారేదాకా కిటికీ దగ్గర నిలబడి, ఎదురు మేడ మీద ఆరేసిన దుప్పట్లు చూస్తూ ఉన్నాను. అక్కకు దవడ పన్ను పీకించడానికి వెళ్లారు. "గంటలో వచ్చేస్తాం మరదలా, మళ్లీ చుక్కలొస్తే ఏమీ ముట్టుకోకు, నేనొచ్చి చూస్తా" అన్నాడు బావ వెళ్తూ. అక్క చెంప పట్టుకుని అప్పటికే మెట్లు దిగుతోంది. ఏమీ ముట్టుకోకు. సాయంత్రం లోపల బొమ్మ పంపకపోతే నా పని పోతుందని తెలిసే అన్నాడా? తెలియకేం, నిన్న భోజనాల దగ్గర నేనే చెప్పాను కదా. వంటింటి అరలూ తలుపులూ చేసే కంపెనీ మాది, కొనేవాళ్లకు తమ వంటగది ఎలా ఉండబోతోందో ముందే చూపించడానికి, అక్కావాళ్లింట్లో ఉంటూ బావ కంప్యూటర్‌లో బొమ్మలు గీసేది నేను. పెద్ద మేడమ్ ఫోనులో అన్నది అన్నట్టు అక్కకూ బావకూ చెప్పాను: "ఈ ఒక్క వంటగది మచ్చల్లేకుండా పంపమ్మా. ఆఫీసులో సీటిస్తా, పైన అమ్మాయిలుండే గదిలో నీకూ మంచం వేయిస్తా. ఈసారి కూడా చుక్కలొస్తే నన్నేమీ అడగొద్దు, వేరే అమ్మాయిని చూసి పెట్టుకున్నా." అక్క మంచినీళ్ల గ్లాసు కింద పెట్టి "మంచిదే" అంది. బావ మాత్రం పళ్ల మధ్య ఇరుక్కున్నదేదో నాలుకతో వెతుక్కుంటూ, "ఇక్కడ నీకేం తక్కువైందట?" అని నవ్వాడు. ఆ వెతుక్కోవడం చాలాసేపు సాగింది. చివరికి దొరికినట్టుంది, మింగేశాడు.

కుర్చీ చల్లారింది. కూర్చున్నాను. ఈ కీబోర్డు అక్షరాల కింద రంగురంగుల దీపాలుంటాయి, ఆ వెలుగులో అక్షరాల సందుల్లో పడ్డ ప్రతి వెంట్రుకా, ప్రతి బిస్కట్ నలుసూ, కొరికి వదిలేసిన గోటిముక్కా నగల కొట్లో పెట్టినట్టు మెరుస్తూ కనబడతాయి. కంప్యూటర్ పెట్టెకు ఒక పక్క అద్దం. ఆ అద్దాన్ని రోజూ మెత్తటి గుడ్డతో తుడుస్తాడు బావ, కళ్లజోడు తుడుచుకున్నంత శ్రద్ధగా. లోపల పంకాలు, నీలం గొట్టాలు, మధ్యలో అడ్డంగా పడుకున్న గ్రాఫిక్స్ కార్డు. దాన్ని "మా వాడు" అంటాడు. అద్దం అవతల దుమ్ము రేణువు ఉండకూడదు, అద్దం ఇవతల మౌస్ మీద మాత్రం ఏళ్ల తరబడి చెమట పేరుకుని అంచులు నల్లబడ్డాయి, పట్టుకుంటే వేళ్లు జిగురుగా ఆగి ఆగి కదులుతాయి. దానిమీద నా రుమాలు పరిచి, రుమాలు మీంచి పట్టుకుంటాను నేను. బావ చూసినప్పుడల్లా నవ్వుతాడు. "అక్కా చెల్లెళ్లిద్దరికీ శుభ్రం పిచ్చే. మీ అమ్మ మిమ్మల్ని ఉతికి ఆరేసి పెంచినట్టుంది."

బొమ్మకు కావలసినవన్నీ, చెక్క రంగు, రాతి గీతలు, కిటికీలోంచి పడే ఎండ, ఇవన్నీ ఆ కార్డు తన సొంత మెమరీలో పెట్టుకుని లెక్కలు కడుతుంది. తయారీవాళ్లు ఆ మెమరీకి ఇంత వేగమని పెట్టి పంపుతారు. బావలాంటి వాళ్లకు అది చాలదు. తెర మీద చిన్న కిటికీ తెరిచి, మెమరీ అని రాసున్న గీత మీది బొత్తాన్ని కుడివైపుకు జరుపుతారు, అంకె పెరుగుతుంది, ఆ అంకె ఎవరిది పెద్దదో చూసుకోవడానికి ఎక్కడెక్కడి మగవాళ్లో ఒకచోట చేరి పోటీలు పడతారు. నేను పేర్లు చదివాను. తోడేలు, గొడ్డలి, ఉరుము అని పెట్టుకుంటారు. మా బావ పేరు చక్రవర్తి. కుళాయి కారుతోందని అక్క చెప్పి చెప్పి మానేసిన ఇంటికి చక్రవర్తి. మెమరీని పెంచుకుంటూ పోతే ఒకచోట అది తడబడుతుంది, కానీ తడబడినట్టు చెప్పదు. కంప్యూటర్ ఆగదు, పెద్దగా శబ్దం రాదు, పని మామూలుగానే జరుగుతున్నట్టుంటుంది, పైగా అంకె పెద్దది కాబట్టి బాగా జరుగుతున్నట్టే అనిపిస్తుంది. బొమ్మ పూర్తయ్యాక చూస్తే తెల్లచుక్కలు. పాలరంగు తలుపు మీద కనబడవు. ముదురు చెక్క తలుపు మీద కనబడతాయి. "ఏంటమ్మా ఇవి, తలుపుల మీద ఉప్పు చల్లావా?" అంది పెద్ద మేడమ్ మొదటిసారి, నవ్వుతూనే. రెండోసారి నవ్వలేదు. మూడోసారి "నువ్వు పంపే ముందు చూసుకుంటావా అసలు?" అంది. చూసుకుంటాను. నేను చేసే పనే చూడటం. బావను పిలవడం ఇష్టం లేక, ఒక్కో చుక్కనూ పెద్దది చేసి, చుట్టుపక్కల రంగు తెచ్చి, పాత చీరకు రఫ్ఫు చేసినట్టు పూడ్చాను. పూడ్చినచోట వెలుగు పడితే తేడా తెలిసిపోతుంది.

అప్పుడు బావను పిలిచేదాన్ని. పిలవాలి కదా, కంప్యూటర్ ఆయనది. వచ్చి కుర్చీ వెనక నిలబడేవాడు. "లేస్తాను బావా, కూర్చో" అంటే "ఎందుకు, నువ్వే నేర్చుకో, రేపు నేను లేకపోతే?" అనేవాడు. మౌస్ మీదున్న నా చేతిమీద తన చెయ్యి వేసేవాడు. మిరపకాయ బజ్జీ పొట్లం విప్పిన కాగితంలా నూనెగా ఉండే చెయ్యి, బొటనవేలి మీద మూడు వెంట్రుకలు. "నెమ్మదిగా జరపాలి మరదలా, తొందరపడితే మా వాడికి కోపం వస్తుంది." చెవి పక్కనే ఊపిరి. ఉల్లిపాయా, నోటి వాసన పోవడానికి నమిలిన పిప్పరమెంటూ కలిసిన ఊపిరి. ఒక్కోటి విడిగా అయితే భరించవచ్చు. గీత మీది బొత్తం ఎడమకు జరిగేది, ఆగేది, మళ్లీ కాస్త కుడికి, "ఊహూ, ఎక్కువైంది", మళ్లీ ఎడమకు. నేను చెయ్యి లాక్కుంటే "ఏమైందే" అనేవాడు, నిజంగా ఏమీ కానట్టు. ఏమైందని చెప్పాలి? చెయ్యి మీద చెయ్యి. అమ్మకు ఫోనులో ఒకసారి సగం చెప్పాను, "బావ ఊరికే మీద మీదకొచ్చి నేర్పిస్తాడమ్మా" అని. అమ్మ నవ్వింది. "బావ కాకపోతే ఇంకెవరు ఆటపట్టిస్తారే నిన్ను? నీకు మొదట్నుంచీ ప్రతిదీ గుచ్చుకునే స్వభావం." ఆ మాట ఒకటి పెట్టారు, బావ, మరదలు. దానికింద ఏం పెట్టినా మూత సరిపోతుంది. అమ్మకు నా మీద ప్రేమ లేక కాదు. ఉన్న ప్రేమంతా కలిసి ఆ నవ్వుకు అడ్డం రాలేదు.

అందుకని ఆ జరిపినంతసేపూ నేను చూపు కిటికీ వైపు తిప్పుకునేదాన్ని. ఎదురు మేడ, దుప్పట్లు, నీళ్ల ట్యాంకు. ఈ ఇంట్లో నేను చూడకుండా వదిలేసింది ఏదైనా ఉంటే అదొక్కటే, ఆ వేళల్లో తెర. ఇవాళ మాత్రం చూడాలి. తెర మీది చిన్న కిటికీ తెరిచాను. మెమరీ గీత మీద బొత్తం కుడి చివర, నిన్న పొద్దున ఆయన తగ్గించిన అంకె కాదు. ఎప్పుడూ ఇంతే. ఆయన తగ్గించిన రోజు బొమ్మ శుభ్రంగా వస్తుంది, తెల్లారేసరికి అంకె మళ్లీ ఎక్కి ఉంటుంది. "వాడికి రోషం ఎక్కువ, తగ్గిస్తే ఊరుకోడు" అంటాడు. నేను నమ్మాను. యంత్రాలకు రోషం ఉండదని నాకు తెలియక కాదు, నాకు తెలియనిది ఇంకేదో దాన్లో ఉండి ఉంటుందని నమ్మాను. నేనే జరిపాను, ఒక్కదాన్నే, రుమాలు మీంచి. బొత్తం చక్కగా జరిగింది. నెమ్మదిగా జరపాల్సిన పనేమీ లేదు. కొంచెం తగ్గించి చిన్న బొమ్మ పెట్టి చూశాను, చుక్కలు పలచబడ్డాయి. ఇంకాస్త తగ్గించాను, ఒక్కటి మిగిలింది, పొయ్యి పక్క తలుపు మీద. ఇంకాస్త. పోయింది. ఇంతేనా అనిపించింది. సంతోషం కూడా వచ్చినట్టే వచ్చింది. పెద్ద బొమ్మ పెట్టే ముందు కంప్యూటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ తెరవమని ఆఫీసులో చెప్తారు, అంతకుముందు తెరిచినవేవీ అడ్డం రాకుండా. ఆపి తెరిచాను. చిన్న కిటికీ మళ్లీ తెరిచాను, ఊరికే, చూసుకుందామని.

బొత్తం కుడి చివరకు వెళ్లి కూర్చుంది.

ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. వెనక్కి తిరిగి చూశాను కూడా, సిగ్గులేకుండా. తర్వాత తెరను ఈ మూల నుంచి ఆ మూల దాకా, పరీక్షల ముందు పాఠం చదివినట్టు, ఒక్కో మాటా చదివాను. అడుగున, బావ మోచెయ్యి ఎప్పుడూ అడ్డం ఉండే చోట, చిన్న గడి. దాంట్లో టిక్కు. కంప్యూటర్ తెరవగానే ఈ వేగాలే పెట్టమని దాని అర్థం. దాని పక్కన రెండు మీటలు, ఒకటి, రెండు. రెండు వెలుగుతోంది. ఒకటి నొక్కాను. అన్ని గీతల మీది బొత్తాలూ ఒక్కసారిగా తమ తమ చోట్లకు గెంతాయి, మెమరీది కూడా. ఆగిన అంకెను చూడగానే గుర్తుపట్టాను, ఆయన వెళ్లాక రోజూ తెర మీద ఉండేదే. ముందుకూ వెనక్కూ జరిపి, ఆగి, ఊహూ అని, మళ్లీ జరిపి, ప్రతిసారీ చివరికి ఆయన చెయ్యి నా చేతిని తీసుకెళ్లి ఆపిన అంకె అదే. అక్షరాలా అదే. ఎప్పుడో రాసిపెట్టుకున్నాడు. ఒక్క నొక్కు. దూరంగా నిలబడి "కింద ఒకటి అని ఉంది, నొక్కు" అంటే సరిపోయేది. నేను చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. సాయంత్రం పూట "కంప్యూటర్‌కు కూడా నిద్ర కావాలి కదే" అంటూ రోజూ తనే ఆపేవాడు. పొద్దున తెరవగానే చుక్కలు మొలవాలి. నేను పిలవాలి. నా పని పాడవుతున్నా ఫరవాలేదు, మేడమ్ నన్ను తిడుతున్నా ఫరవాలేదు, నేను రాత్రుళ్లు చుక్కలు పూడ్చుకుంటున్నా ఫరవాలేదు, పొద్దున ఒకసారి పిలిస్తే చాలు. అంత పథకం ఒక చెయ్యి కోసం. అంత చిన్నదాని కోసమా అని నాకు అసహ్యం ఇంకా ఎక్కువైంది. పెద్ద దుర్మార్గుడైనా కాదు, చక్రవర్తి.

టిక్కు తీసేశాను. ఆపి తెరిచాను. బొత్తం ఈసారి కుడి చివరకు వెళ్లలేదు. అప్పుడు పెద్ద బొమ్మ పెట్టాను. మొదట తెరంతా ఇసుక పోసినట్టుంటుంది, తర్వాత ఆ ఇసుకలోంచి గది తేలుతుంది, కిటికీ, గట్టు, ముదురు చెక్క తలుపులు, గిన్నెలు కడిగే తొట్టి. నేను గీసే వంటగదుల్లో ఎవరూ వండరు. తొట్టిలో ఎంగిలి ఉండదు, కుళాయి కారదు, తలుపు పిడులకు వేలిముద్రలు ఉండవు. ఈ ఇంటి వంటగదిలో గట్టు కింద తలుపు ఒక కీలు ఊడి వేలాడుతోంది, లోపల తడిసి ఉబ్బిన చెక్క వాసన, అక్క దాన్ని కాలితో నొక్కిపట్టి గిన్నెలు తోముతుంది. నా బొమ్మలు చూసి అక్క ఒకసారి "వీటిలోకి చీపురు కూడా రానివ్వవా?" అంది. ఇసుక నెమ్మదిగా పలచబడుతోంది. ఎడమ తలుపులు ముందు తేలాయి. చూపు తిప్పకుండా కూర్చున్నాను, తిప్పితే చుక్క పడుతుందన్నట్టు. మా ఊరి బడిలో కంప్యూటర్ పెట్టె విప్పకముందే కంప్యూటర్ పాఠం అయిపోయింది. మాస్టారు బల్ల మీద సబ్బుపెట్టె బోర్లించి, దాన్నే మౌస్ అనుకోమన్నారు. వరసగా వెళ్లి, చూపుడు వేలితో నొక్కి, వచ్చి కూర్చున్నాం. ఆయన బల్లకు అవతల నిలబడి, "ఎడమవైపు, ఎడమవైపమ్మా, నీ ఎడమ, నా ఎడమ కాదు" అని పుల్లతో చూపించారు. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. అయినా మాకు వచ్చింది. సబ్బుపెట్టె మీద నేర్చుకున్న చెయ్యి ఇది. దీనికి ఇంకొకరి చెయ్యి ఎందుకు కావాల్సి వచ్చింది?

కుడి తలుపులు తేలుతున్నాయి. చుక్క లేదు, లేదు, అదేంటి, కాదు, తెర మీది దుమ్ము, గోటితో గీకాను. పొద్దున ఆయన నా వెనక నిలబడ్డప్పుడు అక్క టీ తెస్తుంది. గుమ్మం దగ్గర ఆగి దగ్గుతుంది. చిన్నగా, గొంతు సవరించుకున్నట్టు, ఒక్కసారి, తర్వాత పళ్లెం మీద గ్లాసు జరిపి చప్పుడు చేస్తుంది, అప్పుడు లోపలికి వస్తుంది. ఇన్నాళ్లూ అది మర్యాద అనుకున్నాను. అక్క మర్యాదస్తురాలు, పక్కింటికి వెళ్లినా గుమ్మం దగ్గరే పిలుస్తుంది. కానీ ఇది తన ఇల్లు. తన మొగుడి గది. లోపలున్నది తన చెల్లెలు. ఎవరు దగ్గుతారు? వేలు ఇంకా తెర మీదే ఉంది, తీయలేకపోయాను. దగ్గు వినగానే చెయ్యి లేచిపోయేది. నాకు అంతవరకే తెలుసు, అక్క వచ్చింది, చెయ్యి లేచింది, బతికాను అనుకునేదాన్ని. చెయ్యి ఉందని తెలిసినవాళ్లే కదా అది లేవడానికి వ్యవధి ఇచ్చేది. చూడకుండా ఉండటానికి దగ్గేది. అక్క మీద కూడా అదే అసహ్యం వచ్చింది, చిన్నప్పుడు నాకు తల దువ్విన అక్క మీద. నిన్న "మంచిదే" అన్నప్పుడు నన్ను చూడలేదు, గ్లాసును చూసింది. వెళ్లిపోతే మంచిదే. నాకు మంచిదా, తనకు మంచిదా? నేను వెళ్లాక ఆ గుమ్మం దగ్గర దగ్గే పని ఉండదు. లేదా ఇంకెవరి కోసమో దగ్గుతుంది, పనిమనిషి కోసమో, పైవాటాలో అద్దెకున్న అమ్మాయి కోసమో. ఎన్నేళ్లుగా దగ్గుతోంది? నాకు ముందు ఈ గదిలో ఎవరు కూర్చున్నారు?

బొమ్మ పూర్తయింది. దాన్ని ముక్కలు ముక్కలుగా పెద్దది చేసి, మూల మూలా చూశాను. ముదురు తలుపుల మీద ఎండ పడి, చెక్క గీతలు తప్ప ఏమీ లేదు. పేరు పెట్టి, మేడమ్‌కు మెయిల్‌లో జత చేసి, రెండు ముక్కలు రాస్తుండగా కారు వచ్చిన చప్పుడైంది. తలుపు, మెట్లు. పంపమని నొక్కడమే మిగిలింది. బావ చెప్పులతోనే గదిలోకి వచ్చాడు.

"ఏం మరదలా, పిలవకుండానే మొదలెట్టేశావా? ఆగాగు, పంపకు, ముందు నేను చూస్తా." కుర్చీ వెనక ఆనుకున్నాడు. ఆస్పత్రి మందు వాసన, దాని కింద అదే ఉల్లిపాయ. "అంకె ఇంత తగ్గించేశావేంటే, మా వాడి పరువు తీసేశావు. చెయ్యి ఇటు ఇవ్వు." చెయ్యి వచ్చింది. రుమాలు మీద నా చెయ్యి, నా చెయ్యి మీద అది, తడిగా, బరువుగా. బాణం గుర్తు పంపే చోటి నుంచి పక్కకు జరగడం మొదలుపెట్టింది.

ఈసారి చూపు తిప్పలేదు. చెయ్యీ లాక్కోలేదు. గుమ్మం అవతల అక్క చెప్పులు విడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. వంటింట్లోంచి ఉప్పు డబ్బా అడిగినప్పుడు ఎలా అంటానో అలాగే, అంతే గొంతుతో అన్నాను:

"అక్కా, బావ చెయ్యి నా చేతిమీద ఉంది. తీయమను."

చెప్పు చప్పుడు ఆగింది. బావ నవ్వాడు, నవ్వు సగంలో ఉంది, "ఇదేంటే, నేర్పిస్తుంటే..." అంటున్నాడు. అక్క గుమ్మంలోకి వచ్చింది. దగ్గలేదు. ఒక చెంప వాచి, నోట్లో దూది, పెదవి ఒక పక్కకు తిమ్మిరెక్కి వేలాడుతోంది, దాని అంచున ఎర్రటి చారిక. ఆమె నన్ను చూడలేదు, ఆయన్నీ చూడలేదు. మౌస్ మీదున్న రెండు చేతుల్ని చూసింది, చాలాసేపు, తలుపు మీద చుక్క వెతికినప్పుడు నేను చూసినట్టు.

"తీయండి" అంది.

దూదిలోంచి మాట సరిగా రాలేదు. బావ "ఆఁ?" అన్నాడు. అక్క వేలు పెట్టి దూది బయటికి తీసి, గుప్పిట్లో పట్టుకుని, మళ్లీ అంది. "చెయ్యి తీయండి."

తీశాడు. "ఇద్దరికీ పిచ్చెక్కింది, సరదాకి కూడా..." అంటూ పక్కకు జరిగి, అద్దంలోంచి తన పంకాలను చూసుకుంటూ నిలబడ్డాడు. నా చేతి వెనక తడి అలాగే ఉంది. బాణాన్ని మళ్లీ తన చోటికి తెచ్చి నొక్కాను. బొమ్మ వెళ్లిపోయింది. కాసేపటికి మేడమ్ నుంచి జవాబు వచ్చింది: శుభ్రంగా ఉంది, రేపు సామానుతో రా.

రుమాలును అక్కడే వదిలేసి వంటింట్లోకి వెళ్లి తొట్టి దగ్గర కుళాయి తిప్పాను. సబ్బు రాసుకుని మోచేతుల దాకా రుద్దుకున్నాను. అక్క నా వెనకే వచ్చింది. గుప్పిట్లోని దూదిని చెత్తబుట్టలో వేసి, నేను పక్కకు జరిగేదాకా ఆగింది. తర్వాత నా చేతిలోంచి సబ్బు తీసుకుని, నాలాగే మోచేతుల దాకా రాసుకుని, గోళ్ల సందులు కూడా వదలకుండా రుద్దుకోవడం మొదలుపెట్టింది. నేను తుడుచుకోవడం అయిపోయింది, వెళ్లి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టాను, కుళాయి చప్పుడు ఇంకా ఆగలేదు.